కార్డు ఇంట్లో, కష్టం కువైట్‌లో

ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లెల్లోనూ, కైకలూరు, మండవల్లి మీదుగా కొల్లేటి లంకల్లోనూ గల్ఫ్‌కు మనిషిని సాగనంపే ఇళ్లలో ఒక సలహా తరచూ వినిపిస్తుంది. బ్యాంకు పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, దాని పిన్ను, ఖాతాకు కలిపిన ఫోను సిమ్ము, ఈ నాలుగూ ఇంట్లో అప్పగించి విమానం ఎక్కాలి. అక్కడినుంచి పంపే ప్రతి రూపాయీ ఇంట్లోవాళ్ల ఖాతాలోనే వేయాలి. ఎన్నారై ఖాతాలూ అవీ డబ్బున్నవాళ్ల హంగులు. ఏజెంటు ఇదే చెబుతాడు, ముందు వెళ్లొచ్చినవాళ్లూ ఇదే చెబుతారు. అమెరికా చదువుకు వెళ్లే కుర్రాడికీ, ఆర్నెల్లు కూతురి దగ్గర ఉండి రావడానికి డల్లాస్ వెళ్లే తల్లిదండ్రులకూ కాస్త మాట మార్చి ఇదే చెబుతారు.

ఈ సలహా వెనక గట్టి కారణాలే ఉన్నాయి. ఇంటిపని వీసా మీద కువైట్ వెళ్లిన స్త్రీకి వారానికి ఒకరోజు సెలవని అక్కడి చట్టంలో ఉన్నా, గడప దాటడం చాలామందికి యజమాని ఇష్టం మీద ఆధారపడిన పని. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. ఫోను లాక్కునే ఇళ్లూ ఉన్నాయి. అలాంటి చోటికి ఇక్కడి కార్డు పట్టుకెళ్లి ఆమె చేయగలిగేదేమీ లేదు. ఇక్కడేమో జూన్ వస్తే పిల్లల ఫీజులు కట్టాలి, అత్తమామలకు మందులు కొనాలి, వీసా కోసం చేసిన అప్పుకు వడ్డీ కట్టాలి. ఆమె సెలవు దొరికేదాకా ఇవేవీ ఆగవు. పైగా భర్త, అన్న, తల్లి పరాయివాళ్లు కారు. వాళ్ల చేతిలో ఉంటే ఆమె చేతిలో ఉన్నట్టే. ఈ మాట చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఆమె మేలు కోరే చెబుతారు.

అయినా ఇది తప్పుడు సలహా. ఇల్లు నడవడానికి నెలకింత డబ్బు కావాలి. దానికోసం ఖాతా మొత్తం చేతులు మారనక్కర్లేదు. ఈ రెండూ ఒకటేనని అనుకోవడం దగ్గరే వాదన తప్పుదారి పట్టింది. ఆ ఒక్క పొరపాటు నుంచి ఎన్ని నష్టాలు పుడుతున్నాయో వరసగా చూద్దాం.

1. ఇంట్లో ఉన్న డబ్బు ఆమెదే అన్న నమ్మకం

గల్ఫ్‌లోని ఎక్స్ఛేంజ్ కౌంటరు దగ్గర డబ్బు కట్టినప్పుడు ఇచ్చే రసీదులో పంపినవారి పేరు, అందుకునేవారి పేరు, ఎందుకోసం పంపుతున్నారన్న వివరం ఉంటాయి. ఆ మూడో గడిలో సాధారణంగా కుటుంబ పోషణ అని ఉంటుంది. అంటే ఆ కాగితం ప్రకారం అది ఆమె దాచుకున్న సొమ్ము కాదు, ఇంటి ఖర్చుకు ఇచ్చేసిన సొమ్ము. అందుకున్న ఖాతా భర్తదైతే చట్టం దృష్టిలో ఆ డబ్బు భర్తది, అన్నదైతే అన్నది. ఆమె నాలుగేళ్లు గిన్నెలు తోమి, పిల్లల్ని ఎత్తుకుని, ముసలివాళ్లకు పక్క మార్చి సంపాదించినదని ఊరందరికీ తెలియవచ్చు. బ్యాంకుకు ఖాతాదారు ఒక్కరే తెలుసు.

అంతా సవ్యంగా ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ కనబడదు. ఖాతా ఉన్న మనిషి పోతే కనబడుతుంది. హిందూ వారసత్వ చట్టం వర్తించే ఇంట్లో భర్త వీలునామా రాయకుండా చనిపోతే అతని ఖాతాలోని డబ్బు భార్యకు, పిల్లలకు, అతని తల్లికి సమాన వాటాలుగా వెళుతుంది. తాను పంపిన డబ్బులోనే ఆమె ఒక వాటాదారుగా నిలబడాలి. అన్న ఖాతాలో ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. వదిన, వాళ్ల పిల్లలు, తల్లి ఉండగా చెల్లెలికి వారసత్వంగా పైసా రాదు. నామినీగా ఆమె పేరు రాయించి ఉన్నా చాలదు. నామినీ డబ్బు తీసుకుని వారసులకు అందజేయవలసిన మనిషే తప్ప దానికి యజమాని కాడని సుప్రీంకోర్టు 1984 నుంచి పదేపదే చెబుతూ వస్తోంది. ఖాతా ఆమె పేరు మీదే ఉండి, కార్డు మాత్రం ఇంట్లో ఉంటే ఈ చిక్కు కొంత తగ్గుతుంది. అప్పుడు వేరే చిక్కు మొదలవుతుంది. దాని సంగతి తర్వాత.

విదేశాల నుంచి వచ్చే డబ్బును ఈ దేశం శ్రద్ధగా లెక్కపెడుతుంది. రిజర్వు బ్యాంకు 2023-24 సర్వే ప్రకారం అలా వచ్చిన మొత్తంలో అమెరికా వాటా 27.7 శాతం, గల్ఫ్ దేశాలన్నిటిదీ కలిపి సుమారు 38 శాతం. ఏ దేశం నుంచి ఎంత వచ్చిందో, ఏ రాష్ట్రానికి ఎంత చేరిందో అందులో కనబడుతుంది. పంపిన మనిషి పేరు మీద అందులో ఎంత నిలిచిందో మాత్రం ఆ లెక్కల్లో లేదు. మనం అడగవలసిన ప్రశ్న అదే. డబ్బు ఊరికి చేరడమూ, అది సంపాదించిన మనిషికి మిగలడమూ వేరువేరు సంగతులు.

2. కార్డు, పిన్ను, సిమ్ము ఇచ్చినంత మాత్రాన ఏమవుతుందన్న మాట

కార్డు ఆమె పేరు మీదే ఉంది కదా, వాడేది ఇంటివాళ్లే కదా అంటారు. బ్యాంకు నిబంధనల్లో ఇంటివాళ్లన్న మాటకు చోటు లేదు. బెంగళూరులో జరిగిన ఒక కేసు దీనికి సాక్ష్యం. 2013లో ప్రసూతి సెలవులో ఉన్న ఒక మహిళ భర్తకు తన కార్డు, పిన్ను ఇచ్చి 25,000 రూపాయలు తెమ్మని పంపింది. మిషన్ నుంచి చీటీ వచ్చింది, నోట్లు రాలేదు. ఖాతాలో మాత్రం కోత పడింది. ఆమె ఏళ్ల తరబడి పోరాడింది. కార్డు ఇతరులకు ఇవ్వకూడదని, పిన్ను చెప్పడంతోనే నిబంధన ఉల్లంఘించినట్టయిందని బ్యాంకు వాదించింది. 2018లో వినియోగదారుల ఫోరం ఆ వాదననే సమర్థించింది. అదే ఊళ్లో, అదే ఇంట్లో ఉన్న భార్యాభర్తల విషయంలోనే తీర్పు ఇలా ఉంటే, కువైట్‌లో ఉన్న మనిషి కార్డు కైకలూరులో ఎవరో వాడుతుండగా తేడా వస్తే ఆమె వైపు మాట్లాడేదెవరు?

రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వులు కూడా ఇదే చెబుతాయి. బయటివాళ్ల మోసం వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలియజేసిన ఖాతాదారుకు నష్టం ఉండదు. పిన్నులాంటి రహస్యాలు తానే ఇతరులకు ఇచ్చి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా ఖాతాదారు నెత్తినే పడుతుంది. కార్డు ఇంట్లో వదలమనే సలహా ఆమెను మొదటి వర్గం నుంచి రెండో వర్గంలోకి నెడుతుంది. విమానం ఎక్కకముందే ఆమె తన రక్షణను వదులుకున్నట్టు.

వీటన్నిటికంటే ప్రమాదం సిమ్ము. ఇవాళ ఖాతాకు తాళం పాస్‌బుక్కులో లేదు, ఓటీపీ వచ్చే నంబరులో ఉంది. ఆ నంబరు ఎవరి దగ్గర ఉంటే యూపీఐ వాళ్లది, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు మార్చే అధికారం వాళ్లది. చాలా బ్యాంకుల యాప్‌లలో డిపాజిట్ విరగ్గొట్టడం, దాని మీద అప్పు తీసుకోవడం కూడా ఫోను మీదే జరిగిపోతాయి. ఇంట్లో వదిలిన సిమ్ము రీఛార్జి చేయక మూణ్నెల్లు వాడకం లేకుండా పడి ఉంటే కంపెనీ ఆ నంబరును రద్దుచేసి, కొన్నాళ్లకు మరొకరికి ఇచ్చేయగలదు. ఈలోగా బ్యాంకు పంపే సమాచారమేదీ ఆమెకు చేరదు. ఇది చిన్న విషయం కాదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయి కోడ్‌లు మారాయి. 2025 మే 1న ఏలూరు, పశ్చిమ గోదావరి పల్లెలకు బాగా తెలిసిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. రెండేళ్లు దూరాన ఉంటే సొంత బ్యాంకు పేరే మారిపోతుంది. ఆ సంగతి చెప్పే మెసేజి ఎవరి ఫోనుకో వెళుతుంది. అదే సిమ్మును అంతర్జాతీయ రోమింగు పెట్టించి వెంట తీసుకెళితే, వచ్చే ఎస్సెమ్మెస్‌కు మామూలుగా ఛార్జీ పడదు. ఎన్నారై ఖాతాలకైతే అక్కడి నంబరునే నమోదు చేసుకోనిచ్చే బ్యాంకులు చాలా ఉన్నాయి.

3. డబ్బు ఖాళీగా ఉంచడమెందుకు, చెరువులో పెడితే పెరుగుతుందన్న మాట

గోదావరి జిల్లాల్లో చేతిలో ఉన్న డబ్బు ఊరికే కూర్చోదు. వడ్డీకి తిరుగుతుంది, చీటీల్లోకి వెళుతుంది, చేపల చెరువులో వాటా అవుతుంది, రొయ్యల మేతకు పెట్టుబడి అవుతుంది. ఖాతా ఇంట్లోవాళ్ల చేతిలో ఉందంటే ఈ నిర్ణయాలన్నీ వాళ్లవే. ఆమెకు ఫోనులో చెబుతారు, చాలాసార్లు అయిపోయాక చెబుతారు. ఈ పెట్టుబడులన్నీ చెడ్డవని నేననడం లేదు. చెరువుల మీద ఈ ప్రాంతం బాగుపడిన మాట నిజమే. నా ఆక్షేపణ, నష్టం వస్తే భరించవలసిన మనిషి నిర్ణయంలో లేకపోవడం గురించి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే రొయ్యల ధర పడిపోయి రైతులు అల్లాడారు. తన పేరున లీజు ఉన్న రైతు ఆ నష్టాన్ని తెలిసే నెత్తిన వేసుకున్నాడు. అతని చెరువులో మేతకని పెట్టిన కువైట్ డబ్బుకు ఆ ఎంపిక లేదు.

కొల్లేరు దగ్గర ఈ ప్రమాదం రెట్టింపు. 1999 అక్టోబరులో అయిదో కాంటూరు ఎత్తుగీత వరకూ ఉన్న 308 చదరపు కిలోమీటర్ల సరస్సును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు; 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఆ గీత లోపల చేపల చెరువు తవ్వడమే నేరం. 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరిట ప్రభుత్వం వేల ఎకరాల చెరువుల గట్లు తెంచినప్పుడు, కాగితం లేకుండా వాటాలు పెట్టినవాళ్లకు అడగడానికి చోటే లేకపోయింది. అలాంటి చెరువులో వాటాకు ఒప్పందం రాసుకున్నా చెల్లదు. చట్టవిరుద్ధమైన పనికోసం చేసుకున్న ఒప్పందాన్ని కాంట్రాక్టు చట్టం గుర్తించదు. చెరువు అయిదో కాంటూరుకు లోపల ఉందో బయట ఉందో కనుక్కోవడం ఊళ్లో ఉన్నవాళ్లకే కష్టం. కువైట్‌లోని సాల్మియాలో వంటింట్లో ఉన్న మనిషి ఎలా కనుక్కుంటుంది?

వడ్డీకిచ్చిన డబ్బు సంగతి చూడండి. ప్రోనోటు ఎవరి పేరున రాయించుకుంటే బాకీ వాళ్లకే. ఆ నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. గల్ఫ్ ఒప్పందం మామూలుగా రెండేళ్లు. దాన్ని పొడిగించుకుని నాలుగేళ్లకు తిరిగి వచ్చేసరికి, మొదటి ఏడాది రాసిన నోటు తిరగరాయించుకోకపోతేనో, మధ్యలో కొంత జమ వేయించుకోకపోతేనో మురిగిపోయి ఉంటుంది. డబ్బు తనది, నోటు వేరేవాళ్లది, గడువు దాటిన సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఇక భూమి. గల్ఫ్ డబ్బుతో కొనే మొదటి ఆస్తి ఇదే కనుక దీని దగ్గర ఎక్కువ ఆగాలి. విదేశంలో పనిచేస్తున్న భారతీయులు ఇక్కడ ఇల్లు, ఇళ్లస్థలం కొనుక్కోవచ్చు. పొలం కొనకూడదని విదేశీ మారకపు చట్టం ఫెమా అంటుంది. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఈ నిషేధాన్నే సాకుగా చూపి, నీ పేరున కొనడానికి వీల్లేదు కాబట్టి అన్న పేరున కొందామంటారు. కొంటారు. ఆ తర్వాత 1988 నాటి బినామీ చట్టం అడ్డం వస్తుంది. 2016 సవరణతో అది మరింత పదునెక్కింది. భర్త, భార్య, పిల్లల పేరున కొన్నదానికి మినహాయింపు ఉంది. అన్నదమ్ముల పేరున కొంటే, కొన్నవారి పేరు కూడా దస్తావేజులో ఉన్నప్పుడే ఆ మినహాయింపు వర్తిస్తుంది. అన్న ఒక్కడి పేరున రిజిస్టరైన పొలానికి డబ్బు తానే పంపానని చెల్లెలు కోర్టుకెక్కితే, మొదట ఎదురయ్యేది బినామీ ఆస్తి మీద అసలు యజమాని దావా వేయరాదన్న సెక్షనే. అన్న తన తరఫున నమ్మకంగా ఆస్తిని పట్టుకున్నాడని రుజువుచేసే దారి ఉన్నా, అది ఏళ్లు తినే దారి. పొలం కొనకూడదని చట్టం అన్నప్పుడు చేయవలసిన పని ఒకటే: డబ్బును తన పేరున డిపాజిట్‌గా ఉంచుకుని, తిరిగి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాక తన పేరున కొనుక్కోవడం. అప్పటికి ధర పెరగదా అంటే పెరుగుతుంది. పెరిగిన ధరకు తన పేరున ఒక ఎకరం, పాత ధరకు వేరొకరి పేరున రెండెకరాలు అన్నప్పుడు నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను. రెండోదాన్ని ఆమె ఆస్తిగా లెక్కవేయడమే తప్పు.

4. మామూలు సేవింగ్స్ ఖాతా చాలన్న మాట

ఉద్యోగం కోసం దేశం దాటిన మనిషి బయల్దేరిన నాటినుంచే ఫెమా ప్రకారం నాన్ రెసిడెంటు. ఎన్ని నెలలు గడిచాయన్న లెక్క ఆమెకు అక్కర్లేదు. పాత సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వోగా, అంటే ఇక్కడి రాబడికోసం ఉంచే ప్రవాసుల ఖాతాగా, మార్పించడం హంగు కోసం కాదు, చట్టం అడిగే పని. బ్యాంకుకు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందంటారు. రోజులు గడుస్తుంటే ఎవరూ పట్టించుకోకపోవచ్చు. కేవైసీ నవీకరణకు పిలిచినప్పుడో, పెద్ద మొత్తం ఒక్కసారి తీసుకోవాల్సి వచ్చినప్పుడో తెలుస్తుంది. సరిగ్గా డబ్బు అవసరమైన వేళకే ఖాతా ఆగిపోతుంది.

ఎన్నారీ (NRE) ఖాతా ధనవంతులదన్న మాటకు ఆధారం లేదు. విదేశంలో సంపాదించి పంపిన డబ్బును రూపాయల్లో ఉంచుకునే ఖాతా అది. కువైట్ 2016లో ఇంటిపనివాళ్లకు కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించింది. 2025 మారకంలో అది సుమారు 17 వేల రూపాయలు. ఆ జీతం తీసుకునే మనిషికీ, సిలికాన్ వ్యాలీ ఇంజనీరుకూ ఎన్నారీ నిబంధనలు ఒకటే. దాని మీద వచ్చే వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. అసలు, వడ్డీ ఎప్పుడైనా పూర్తిగా బయటికి తీసుకెళ్లవచ్చు. ఎన్నార్వో వడ్డీ మీద బ్యాంకు 30 శాతం పన్ను, దాని మీద సెస్సు ముందే పట్టేస్తుంది. అందుకే కౌలు, అద్దెలాంటి ఇక్కడి రాబడికి ఎన్నార్వో, కువైట్ జీతానికి ఎన్నారీ. ఇంతకన్నా తెలుసుకోవలసిన లోతు ఏమీ లేదు.

ఇల్లెలా నడుస్తుందన్న అసలు ప్రశ్నకు జవాబు కూడా ఎన్నారీ నిబంధనల్లోనే ఉంది. ఖాతాదారు ఇక్కడి దగ్గరి బంధువుకు అధికారపత్రం ఇవ్వవచ్చు. ఆ బంధువు ఆ ఖాతా నుంచి ఇక్కడి ఖర్చులకు డబ్బు తీయగలరు, ఫీజులు కట్టగలరు. ఆమె తరఫున ఎవరికీ బహుమతిగా ఇవ్వలేరు, మరొకరి ఎన్నారీ ఖాతాకు మళ్లించలేరు. అధికారం నచ్చనప్పుడు ఆమె రద్దుచేసుకోవచ్చు. లేదా దగ్గరి బంధువును రెండో పేరుగా చేర్చుకోవచ్చు. మొదటి ఖాతాదారు బతికి ఉన్నంతకాలం ఖాతా ఆమెదే, ఆమె తర్వాతే రెండోవారికి. ఇవి రెండూ అక్కర్లేనంత సులువైన దారి ఇంకొకటి ఉంది. డబ్బంతా తన ఖాతాలోకే పంపుకుని, ప్రతి నెలా ఒక తేదీన ఇంత మొత్తం భర్త ఖాతాకు వెళ్లేలా బ్యాంకుకు ముందే రాసిచ్చి వెళ్లడం. పదిహేడు వేలలో పదకొండు వేలు ఇంటికి వెళ్లినా, మిగిలిన ఆరు వేలు ఆమె పేరున పోగవుతాయి. ఎక్స్ఛేంజ్ రుసుము ఒక్కసారే పడుతుంది. సెలవు దొరికినా దొరకకపోయినా, యజమాని ఫోను లాక్కున్నా, ఖాతాలో డబ్బున్నంతవరకూ ఇంటి ఖర్చు ఆగదు. కార్డు ఇంట్లో వదలడానికి చెప్పే కారణాలన్నీ ఇక్కడితో తీరిపోతాయి.

5. హుండీలో రూపాయి ఎక్కువ వస్తుందన్న మాట

వస్తుంది. బ్యాంకు ప్రమేయం లేకుండా మనిషి చేత ఇంటికే తెచ్చిస్తారు కూడా. ఆ రూపాయికి పోగొట్టుకునేది చూడాలి. హుండీకి రసీదు ఉండదు కాబట్టి ఆమె అంత సంపాదించి పంపినట్టు ప్రపంచంలో ఎక్కడా ఆనవాలు ఉండదు. రేపు ఇళ్లస్థలం కొంటే డబ్బెక్కడిదని ఆదాయపు పన్ను శాఖ అడిగినా, తన డబ్బని కోర్టులో చెప్పుకోవాల్సి వచ్చినా చేతులు ఖాళీ. అధికారిక మార్గం కాక వేరే దారిన విదేశీ డబ్బు అందుకోవడం ఫెమా మూడో సెక్షను ప్రకారం నిషిద్ధం. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా పడవచ్చు; పడేది అందుకున్న ఇంటివాళ్ల మీద.

ఇప్పుడు హుండీ వాళ్లు నోట్ల కట్టలు తేవడం తగ్గించి, ఎవరిదో ఖాతా నుంచి ఫోను మీద వేసేస్తున్నారు. ఆ ఎవరిదో ఖాతాలోకి డబ్బు ఎలా వచ్చిందో అందుకున్నవాళ్లకు తెలియదు. సైబర్ మోసంలో దోచిన సొమ్ము అలాంటి ఖాతాల మీదుగానే చేతులు మారుతుంది. ఎక్కడో డబ్బు పోయినవారు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫిర్యాదు చేస్తే, ఆ సొమ్ము వెళ్లిన దారి పొడుగునా ఉన్న ఖాతాలను బ్యాంకులు నిలిపేస్తాయి. నిడమర్రులోనో గణపవరంలోనో ఉన్న అమాయకపు ఖాతా ఆ దారిలో చివరిదైతే, వేరే రాష్ట్రపు పోలీసులకు జవాబు చెప్పుకుని విడిపించుకునేసరికి నెలలు పడుతుంది. పిల్లాడి ఫీజు డబ్బు అందులోనే ఉండిపోతుంది.

6. ఇంట్లోవాళ్ల మీద అనుమానమా అన్న నిందకు

చివరికి అన్ని వాదనలూ వచ్చి నిలబడేది ఇక్కడే. నాకు వేరే ఖాతా కావాలని ఆమె అనగానే, మమ్మల్ని నమ్మవా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ఒక్క మాటకు భయపడి చాలామంది నోరు మూసుకుంటారు. ఈ ప్రశ్న అన్యాయమైనది. తాను నమ్మి తన పిల్లల్ని, తన ఇంటిని వాళ్ల చేతుల్లో పెట్టి వెళుతున్న మనిషిని నమ్మకం గురించి నిలదీయకూడదు. నెలనెలా ఇంటి ఖర్చు పంపుతున్నది నమ్మకం లేకనా?

పైగా వేరే ఖాతా నిజాయితీపరుడైన బంధువుకు కూడా రక్షణ. నాలుగేళ్లు చెల్లెలి డబ్బు చూసుకున్న అన్న, లెక్కలు రాసే అలవాటు లేకపోతే, ఆమె తిరిగి వచ్చిన రోజున ఏం చూపిస్తాడు? పెళ్లికి ఇంత, ఆస్పత్రికి ఇంత, అప్పుకు ఇంత అని నోటిలెక్క చెబుతాడు. ఆమె మనసులో ఒక అంకె ఉంటుంది, అతని నోట మరో అంకె వస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నా తగువు తప్పదు. ఆ డబ్బు ఆమె ఖాతా నుంచే నెలనెలా వెళ్లి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటే అతని తరఫు సాక్షి. కుటుంబాలు చీలిపోవడానికి వేరే ఖాతా కారణమంటారు గానీ, లెక్కలేని ఉమ్మడి డబ్బు వల్ల తగువుపడిన కుటుంబాలే ఎక్కువని పంచాయితీలు చేసే పెద్దమనుషులకు బాగా తెలుసు.

నమ్మకం గురించి మాట్లాడేవాళ్లు ఒక ఫలితాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోరు. తన పేరున ఏమీ మిగలని స్త్రీ తిరిగి వచ్చి నిలబడలేదు. అప్పు తీరి ఉండవచ్చు, శ్లాబు పడి ఉండవచ్చు, ఆడపిల్ల పెళ్లి జరిగి ఉండవచ్చు. చేతిలో మాత్రం సొంత రూపాయి ఉండదు. ఆర్నెల్లలో మళ్లీ వీసా మాటలు మొదలవుతాయి. ఇంటిపనికి ఎమిగ్రేషన్ అనుమతి కావాలంటే 30 ఏళ్లు నిండాలి. ముప్ఫై దాటాక వెళ్లిన మనిషి నడుం పనికిరాకుండా పోయేదాకా వెళుతూ వస్తూ ఉండటానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. మొదటి నాలుగేళ్ల సంపాదన ఆమె పేరున లేకపోవడం కూడా కారణమే. ఆ నాలుగేళ్లలో నెలకు ఆరు వేలు తన పేరున మిగిలి ఉంటే వడ్డీ కాక 2,88,000 రూపాయలు. ఒక చిన్న దుకాణానికి, రెండు గేదెలకు, కనీసం ఇంకోసారి వెళ్లనని గట్టిగా చెప్పడానికి అది చాలు.

మొదట్లో చెప్పిన, ఆర్నెల్లకు అమెరికా వెళ్లే తల్లిదండ్రుల విషయం దీనంత బరువైంది కాదు. వాళ్లు రెసిడెంట్లుగానే ఉంటారు, ఖాతా మార్పించనక్కర్లేదు. కౌలు డబ్బు వస్తే చూసుకోమని కార్డు, పిన్ను తమ్ముడికి ఇచ్చి వెళ్లడం మాత్రం పైన చెప్పిన తప్పే. కౌలు నేరుగా ఖాతాలో వేయమంటే ఎవరికీ కార్డు ఇవ్వవలసిన పని లేదు. కొత్తగా ఇచ్చే కార్డులు దేశం లోపలే పనిచేసేలా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020లో ఆదేశించింది కాబట్టి, బయల్దేరకముందే తమ కార్డుకు విదేశీ వాడకం తెరిపించుకోవాలి. చదువుకు వెళ్లే విద్యార్థి కూడా నాన్ రెసిడెంటే అవుతాడు. అతని సేవింగ్స్ ఖాతాకూ ఎన్నార్వో నియమమే.

రెండేళ్లలో వచ్చేస్తాం కదా, ఇంత హడావుడి ఎందుకన్నది మిగిలిన ఆఖరి అభ్యంతరం. ఖాతాదారు జమ గాని, ఖర్చు గాని చేయకుండా రెండేళ్లు దాటిన ఖాతాను బ్యాంకు నిద్రాణ ఖాతాగా మారుస్తుంది. పదేళ్లు ముట్టని డబ్బు రిజర్వు బ్యాంకు డిపాజిటర్ల నిధికి వెళుతుంది. తిరిగి తెచ్చుకోవచ్చు గానీ కేవైసీ కాగితాలతో శాఖ చుట్టూ తిరగాలి. అదీ గాక, గల్ఫ్ వెళ్లేవాళ్లలో రెండేళ్లకే వచ్చేసేవాళ్లు ఎందరని ఏ ఊళ్లో అడిగినా జవాబు దొరుకుతుంది.

ఇదంతా బయల్దేరే వారంలో జరిగే పని కాదు. పాస్‌పోర్టు, వీసా కాగితం, పాన్ కార్డు పట్టుకుని ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఎన్నారై వ్యవహారాలు చూసే శాఖకు ఆమె స్వయంగా వెళ్లాలి. వెళ్లి తన పేరున ఎన్నారీ తెరిపించుకోవాలి, పాత ఖాతాను ఎన్నార్వో చేయించాలి, నామినీ రాయించాలి, నెలసరి బదిలీకి సంతకం చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ గాని, ప్రయాణానికి ముందు శిక్షణ ఇచ్చే కేంద్రాలు గాని ఈ నాలుగు పనులూ పూర్తయినట్టు చూశాకే టికెట్టు మాట ఎత్తాలని నేను కోరతాను. ఇప్పటికే వెళ్లిపోయినవాళ్లకు దారి మూసుకుపోలేదు. ఎన్నారీ దరఖాస్తు అక్కడినుంచే పంపవచ్చు, కాగితాల మీద భారత రాయబార కార్యాలయం ధ్రువీకరణ చాలు. ఇంట్లో ఉన్న కార్డును బ్యాంకుకు ఒక్క ఫోను చేసి నిలిపేయించవచ్చు. వచ్చే నెల ఎక్స్ఛేంజ్‌కు వెళ్లినప్పుడు, అందుకునేవారి పేరు రాసే చోట తన పేరే రాయించుకోవచ్చు.